కొరియాలో విదేశీయుల రాత్రిభోజనపంక్తి: సామాజికచరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పరాయి దేశంలో ఉన్నవారి విందులు, సాయంకాలపు కలయికలు, రాత్రి తిరుగుళ్ళు సాధారణంగా చరిత్రరచనకు ఎక్కవు. అవి ఉత్తరాల్లో, యాత్రావర్ణనల్లో, ముచ్చట్లలో మిగిలిపోతాయి. అయితే విదేశీయుడు ఎక్కడ కూర్చుని తిన్నాడు, ఎవరితో తిన్నాడు, ఎవరు వడ్డించారు, ఏ గంటకు లేచి వెళ్ళాడు అనే ప్రశ్నలకు సమాధానాలు ఆ దేశపు రాజకీయచరిత్రలోనే దొరుకుతాయి. 1876 నుంచి నేటివరకు కొరియాలో, ప్రధానంగా సియోల్‌లో, విదేశీయుల రాత్రిజీవనం, ఆహారం మారివచ్చిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొరియా, ఇటేవాన్, ప్రవాసజీవనం, సహపంక్తి, ఆహారచరిత్ర, సోజు, వలస.

1. ఉపోద్ఘాతం:

ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన ప్రయాణం ‘కాశీయాత్రచరిత్ర’గా 1838లో అచ్చయింది. అందులో మజిలీల వివరాలు, దొరికే సరుకులు, వసతులు నేటి చరిత్రకారులకు ముఖ్యమైన ఆధారాలయ్యాయి. ఆ కాలపు సమాజాన్ని తెలుసుకోవడానికి రాజశాసనాలు చెప్పని సంగతులను ఒక యాత్రికుడి భోజనచింత చెప్పింది. ఈ పద్ధతిని ఇతర దేశాల చరిత్రకూ అన్వయించవచ్చు.

కొరియాను ఇందుకు ఎంచుకోవడానికి కారణం ఉంది. 19వ శతాబ్ది మూడోపాదం వరకు పాశ్చాత్యులకు తలుపులు మూసుకున్న ఆ దేశంలో 2019 నాటికి విదేశీయుల సంఖ్య 25 లక్షలు దాటింది. ఈ రెండు స్థితుల మధ్య ఒడంబడికలు, వలసపాలన, యుద్ధం, సైనికస్థావరాలు, నియంతృత్వం, పారిశ్రామికీకరణ ఉన్నాయి. వీటిలో ప్రతి ఒక్కటీ విదేశీయుడి భోజనపు బల్లను ఒకచోటు నుంచి ఇంకొకచోటుకు జరిపింది. ఆ బల్ల దగ్గర ఎవరికి చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదే ఈ పరిశీలనకు మూలప్రశ్న.

2. ఒడంబడికల కాలం - జంగ్‌డాంగ్ విందులు:

1876లో జపాన్‌తో కుదిరిన గాంఘ్వా ఒడంబడికతో కొరియా రేవులు తెరుచుకోవడం మొదలైంది. బుసాన్, వోన్సాన్‌ల తరువాత 1883లో ఇంచియాన్ రేవు తెరుచుకుంది. 1882లో అమెరికాతో ఒడంబడిక జరిగింది. ఆ తరువాత వచ్చిన దౌత్యవేత్తలు, మతప్రచారకులు, వైద్యులు రాజధానిలో రాజభవనానికి దగ్గరగా ఉన్న జంగ్‌డాంగ్ ప్రాంతంలో స్థిరపడ్డారు. అమెరికా, బ్రిటన్, రష్యా, ఫ్రాన్స్ దౌత్యకార్యాలయాలు అక్కడే వెలిశాయి. ఇంచియాన్‌లో 1888లో దేబుల్ హోటల్ పాశ్చాత్యపద్ధతిలో వసతి కల్పించింది. 1891లో అక్కడి విదేశీయులు తమకోసం ఒక క్లబ్బు స్థాపించుకున్నారు.

1885లో రష్యా దౌత్యాధికారి వేబర్ కుటుంబంతో కలిసి వచ్చిన ఆంటోనెట్ సోంటాగ్ రాజభవనంలో విదేశీ అతిథుల విందుల నిర్వహణ చూసింది. 1902లో ఆమె పేరుతో జంగ్‌డాంగ్‌లో హోటల్ ఏర్పడింది. 1896లో గోజోంగ్ రాజు రష్యా దౌత్యకార్యాలయంలో ఆశ్రయం పొంది ఏడాదిపాటు అక్కడే ఉన్నాడు. కొరియాలో మొదట కాఫీ తాగినవాడు ఆయనేననే ప్రచారం అప్పటి నుంచి వచ్చినదే. అయితే 1884లోనే ఒక కొరియా అధికారి ఇంట్లో తనకు కాఫీ ఇచ్చారని అమెరికన్ యాత్రికుడు పెర్సివల్ లోవెల్ రాశాడు కాబట్టి ఆ ప్రచారాన్ని యథాతథంగా స్వీకరించడానికి వీలులేదు.

ఈ విందులు కేవలం వినోదాలు కావు. జపాన్ ఒత్తిడిని ఎదుర్కోవడానికి పాశ్చాత్యుల స్నేహం కావాలని రాజు కోరుకున్నాడు. ఆ స్నేహానికి భోజనపు బల్లే వేదిక అయింది. అయినా ఆ బల్ల రాజ్యాన్ని కాపాడలేదు. 1905 నవంబరులో కొరియా దౌత్యాధికారాన్ని లాక్కున్న ఒడంబడికను రుద్దడానికి వచ్చిన ఇతో హిరోబుమి బస చేసింది సోంటాగ్ హోటల్‌లోనే. ఒడంబడికపై సంతకాలు జరిగిన జుంగ్‌మ్యోంగ్‌జాన్ భవనమూ జంగ్‌డాంగ్‌లోనే ఉంది. విందుల వీధిలోనే దేశం తన గొంతు పోగొట్టుకుంది.

ఇదే కాలంలో మరొక భోజనపంక్తి నిశ్శబ్దంగా ఏర్పడింది. ఇంచియాన్‌లోని చైనా నివాసప్రాంతానికి షాన్‌డాంగ్ నుంచి వచ్చిన కూలీలు, వంటవారు సోయాముద్దతో చేసే నూడుల్స్ తెచ్చారు. అదే క్రమంగా జాజాంగ్‌మ్యోన్‌గా మారింది. దౌత్యవేత్తల విందుభోజనం కొరియన్ల వంటింట్లోకి రాలేదు. కూలీల తిండి మాత్రం వచ్చింది. నేడు జాజాంగ్‌మ్యోన్ కొరియన్లు నిత్యం తినే వంటకం.

3. యోంగ్‌సాన్ నీడలో ఇటేవాన్:

‘ఇటేవాన్’ అన్న పేరులోని చివరి భాగానికి బాటసారుల విడిది అని అర్థం. జోసన్ రాజ్యకాలంలో రాజధాని చుట్టూ ప్రభుత్వం నడిపిన విడుదుల్లో అదొకటి. మన సత్రాలతో పోల్చదగిన వ్యవస్థ అది. పేరులోనే అతిథి ఉన్న ఈ ప్రాంతం 20వ శతాబ్దిలో వేరే రకం అతిథులను చూసింది.

1904లో రష్యాతో యుద్ధసమయంలో జపాన్ సైన్యం పక్కనే ఉన్న యోంగ్‌సాన్‌లో భూములు ఆక్రమించి స్థావరం నిర్మించింది. 1945లో జపాన్ ఓడిపోయాక అదే స్థావరం అమెరికన్ సైన్యం చేతికి వచ్చింది. 1950-53 యుద్ధం తరువాత అది అమెరికన్ సైన్యానికి శాశ్వతకేంద్రంగా మారింది. స్థావరం గేటు బయట బట్టలు కుట్టేవారు, తోలు సరుకులు అమ్మేవారు, మద్యశాలలు, నాట్యశాలలు చేరాయి. ఇటేవాన్ రాత్రిజీవనానికి పునాది ఇది.

ఈ పునాదిలో కప్పిపుచ్చరాని ఒక భాగముంది. సైనికస్థావరాల చుట్టూ ‘కిజిచోన్’ అని పిలిచే శిబిరపట్టణాలు ఏర్పడ్డాయి. వ్యభిచారాన్ని నిషేధిస్తూ 1961లో చట్టం చేసిన ప్రభుత్వమే మరుసటి ఏడాది కొన్ని ప్రాంతాలను ఆ చట్టం నుంచి మినహాయించింది. విదేశీమారకం కోసం, అమెరికన్ సైన్యం దేశంలో నిలిచి ఉండడం కోసం ఆ స్త్రీల జీవితాలను రాజ్యం వాడుకుంది. సుఖవ్యాధుల నియంత్రణ పేరుతో వారిని నిర్బంధించి వైద్యం చేశారు. 2014లో 122 మంది స్త్రీలు ప్రభుత్వంపై దావా వేశారు. 2022 సెప్టెంబరులో దక్షిణకొరియా సర్వోన్నతన్యాయస్థానం ఈ వ్యవహారంలో రాజ్యం బాధ్యతను ధ్రువీకరించింది. విదేశీయుల జ్ఞాపకాల్లో ‘సరదా రాత్రులు’గా నమోదైన కాలాన్ని ఈ తీర్పు పక్కన పెట్టుకుని చదవాలి. ఒకరి రాత్రి విహారానికి మరొకరు చెల్లించిన మూల్యం యాత్రావర్ణనల్లో కనిపించదు. దాన్ని న్యాయస్థానపు పత్రాల్లో వెతకాల్సి వచ్చింది.

4. అర్ధరాత్రి నిషేధం:

1945 సెప్టెంబరులో అమెరికన్ సైనికపాలన విధించిన రాత్రిసంచారనిషేధం స్వల్పమార్పులతో 36 ఏళ్ళకు పైగా సాగింది. అధికకాలం అది రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 4 గంటల వరకు అమలైంది. క్రిస్మస్ ముందురాత్రి, సంవత్సరాంతపు రాత్రి సడలించేవారు. జేజు ద్వీపానికి, ఉత్తర చుంగ్‌చాంగ్ రాష్ట్రానికి 1960ల్లోనే మినహాయింపు లభించింది. మిగిలిన దేశమంతటా అర్ధరాత్రికి ముందే చివరి బస్సు అందుకోవాలన్న ఆత్రుత ఒక తరం మొత్తానికి అనుభవం.

దేశ రాత్రిజీవనానికి కాలపరిమితి విధించిన ఈ ఆంక్షకు ఆహారంతోనూ సంబంధముంది. తక్కువ సమయంలో త్వరగా తాగి లేవాల్సిరావడం కొరియా మద్యపానరీతిపై ప్రభావం చూపిందని భావించడానికి అవకాశం ఉంది. 1981లో ఒలింపిక్ క్రీడల నిర్వహణ సియోల్‌కు దక్కింది. 1982 జనవరి 5న చాలా ప్రాంతాల్లో నిషేధం తొలగింది. ప్రపంచం రాబోతున్నదన్న ఎరుకే స్వదేశీయులకు వారి రాత్రిని తిరిగి ఇచ్చిందనడం అతిశయోక్తి కాదు. దారిపక్క నారింజరంగు గుడారాల్లో నడిచే ‘పొజాంగ్‌మచా’ దుకాణాలు తెల్లవారేదాకా వెలగడానికి ఆ తరువాతే వీలు కలిగింది.

5. పాత్రలో చరిత్ర - బుదే జిగే, సోజు:

‘బుదే’ అంటే సైనికదళం. ‘జిగే’ అంటే పులుసు. ఉయ్‌జంగ్‌బు పట్టణంలో అమెరికన్ స్థావరాల నుంచి బయటికి వచ్చిన డబ్బా మాంసం, సాసేజీలను కిమ్చితో, మిరపముద్దతో ఉడికించగా పుట్టిన వంటకమిది. దీనికి ముందరి దశ మరింత దయనీయం. యుద్ధానంతరం స్థావరాల్లో సైనికులు పారేసిన ఎంగిలిని మరిగించి అమ్మిన గంజిని ‘పందిగంజి’ అనే అర్థమిచ్చే పేరుతో పిలిచేవారు. అంతటి లేమి నుంచి వచ్చిన పులుసు, 1963లో మొదలైన దేశీయ ఇన్‌స్టెంట్ నూడుల్స్‌ను కూడా తనలో కలుపుకుని, ఇప్పుడు విదేశీ అతిథులకు ప్రత్యేకవంటకంగా వడ్డించే స్థాయికి చేరింది. ఆకలి జ్ఞాపకం రుచిగా మారడం కొరియా ఆహారచరిత్రలోని విశేషం.

సోజు చరిత్ర ఇంకా పాతది. బట్టీపట్టే విద్య 13వ శతాబ్దిలో మంగోలుల ద్వారా కొరియాకు చేరింది. అందుకే కేసాంగ్ ప్రాంతంలో సోజును ‘అరక్’కు దగ్గరగా ఉండే పేరుతో పిలిచేవారు. మన దేశంలో సారాకు వాడుకలో ఉన్న ‘అరక్’ కూడా ఆ అరబ్బీ పదమే. అయితే నేడు ఆకుపచ్చ సీసాలో కనిపించే సోజు ఆ పాత మద్యం కాదు. ధాన్యం కొరత వల్ల 1965లో బియ్యంతో సోజు చేయడాన్ని ప్రభుత్వం నిషేధించింది. చిలగడదుంప, కర్రపెండలం వంటి వాటి నుంచి తీసిన ఆల్కహాలుకు నీరు, తీపి కలిపి అమ్మడం మొదలైంది. 1990ల్లో నిషేధం తొలగినా జనం నాలుకకు ఈ కొత్తరుచే అలవాటైంది. 1970ల్లో 25 శాతం ఉన్న మత్తు ఇప్పుడు 16-17 శాతానికి దిగింది. సంప్రదాయపానీయంగా విదేశీయుడు మెచ్చుకునే సీసా వాస్తవంలో ఒక కరువుకాలపు విధానానికి గుర్తు.

6. సహపంక్తి మర్యాదలు - హ్వేసిక్:

1980ల తరువాత కొరియా కంపెనీల్లో, విశ్వవిద్యాలయాల్లో విదేశీయులు చేరడంతో వారు మొదటిసారి కొరియన్ల సొంత పంక్తిలోకి ప్రవేశించారు. పని ముగిశాక సిబ్బంది అంతా కలిసి తినే విందును ‘హ్వేసిక్’ అంటారు. ఇది విడతలుగా సాగుతుంది: మొదటి విడతలో నిప్పులమీద కాల్చిన మాంసం, సోజు, రెండో విడతలో వేయించిన కోడి, బీరు, మూడో విడతలో పాటల గది. జపాన్ పద్ధతిని అనుసరించి 1991లో బుసాన్‌లో మొదలైన ‘నొరెబాంగ్’ అనే ఈ పాటల గదులు కొద్ది కాలంలోనే దేశమంతా వ్యాపించాయి. మన పెళ్ళిళ్ళలో రెండో బంతికి మనుషులు మారతారు, చోటు మారదు. కొరియాలో మనుషులు మారరు, చోటు మారుతుంది.

ఈ పంక్తిలో వయస్సు, హోదా ప్రతి కదలికనూ శాసిస్తాయి. పెద్దవారికి రెండు చేతులతో పోయాలి; వారిచ్చినది రెండు చేతులతో అందుకోవాలి; వారి ఎదుట తాగేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి; తన గ్లాసు తానే నింపుకోకూడదు. మద్యంతోపాటు ‘అంజు’ అనే నంజుడు తప్పనిసరి. తెలుగు మాట్లాడేవారికి ‘నువ్వు’, ‘మీరు’ల తేడా ఎంత సహజమో, కొరియా భాషలోని గౌరవస్థాయులు కొరియన్లకు అంత సహజం. భాష రాని విదేశీయుడు ఈ మర్యాదలను భోజనపు బల్ల దగ్గర శరీరంతో నేర్చుకుంటాడు.

ఈ సాన్నిహిత్యానికి బలవంతమనే మరో ముఖం ఉంది. పై అధికారి పోసినదాన్ని కాదనలేకపోవడం, స్త్రీలు ఎదుర్కొన్న ఇబ్బందులు, మద్యం తాగనివారి వెలి కొరియా సమాజంలోనే విమర్శకు గురయ్యాయి. 2016లో అమలుకు వచ్చిన అవినీతినిరోధకచట్టం అధికారులకిచ్చే విందు విలువను 30,000 వోన్‌లకు పరిమితం చేసింది. 2018లో వారపు పనిగంటల గరిష్ఠపరిమితి 52కు తగ్గింది. ఈ మార్పులతో హ్వేసిక్ పట్టు సడలుతూ వచ్చింది.

7. కార్మికుల పంక్తి, భారతీయుల పంక్తి:

‘ప్రవాసి’ అన్న మాట వినగానే జీతం బాగా ఉన్న ఉద్యోగి గుర్తుకు రావడం కూడా ఒక పక్షపాతమే. 2004లో మొదలైన ఉపాధి అనుమతి విధానం కింద ఆసియా దేశాల నుంచి లక్షలమంది కార్మికులు కొరియా కర్మాగారాలకు, పొలాలకు చేరారు. వారి సాయంకాలం ఇటేవాన్‌లో కాక అన్సాన్ నగరపు వోన్‌గోక్ వీధుల్లో గడుస్తుంది. ఆ ప్రాంతాన్ని 2009లో బహుళసంస్కృతుల ప్రత్యేకప్రాంతంగా గుర్తించారు. అక్కడి భోజనశాలలు పర్యాటకుల కోసం పుట్టినవి కావు. ఇంటిమీద బెంగతో పుట్టినవి.

ఈ విధానంలోని దేశాల జాబితాలో భారతదేశం లేదు. అందువల్ల కొరియాలోని భారతీయుల్లో విద్యార్థులు, పరిశోధకులు, సాంకేతికనిపుణులు, వ్యాపారులు ప్రధానంగా కనిపిస్తారు. కొరియాలో భారతీయుల సామూహిక ఉనికి మాత్రం యుద్ధకాలంలోనే మొదలైంది. 1950లో లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అక్కడికి వెళ్ళింది. 1953లో యుద్ధఖైదీల వ్యవహారం చూసిన తటస్థదేశాల సంఘానికి జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షత వహించాడు.

1976లో ఇటేవాన్ కొండమీద సియోల్ కేంద్రమసీదు ప్రారంభమయ్యాక దాని చుట్టూ హలాల్ మాంసపు దుకాణాలు, దక్షిణాసియా సరుకుల అంగళ్ళు, భోజనశాలలు వచ్చాయి. పప్పు, బియ్యం, మసాలాల కోసం మతంతో నిమిత్తం లేకుండా భారతీయులు అక్కడికే వెళ్ళడం అలవాటైంది. స్వదేశంలో విడివిడిగా ఉండే పంక్తులు పరదేశంలో ఒకే అంగడి ముందు కలుస్తాయి.

శాకాహారి తెలుగువారికి కొరియా భోజనం పరీక్షే. కూరగాయల పులుసులా కనిపించేదాన్ని ఎండు నెత్తళ్ళ నీటితో కాస్తారు. కిమ్చిలో ఉప్పు రొయ్యలు, చేపల రసం కలుస్తాయి. అయితే బౌద్ధవిహారాల్లో మాంసంతోపాటు ఉల్లి, వెల్లుల్లి వంటి ఘాటైన దినుసులనూ విడిచిపెట్టే వంటసంప్రదాయం నేటికీ జీవించి ఉంది. మన ఆచారభోజనం ఎరిగినవారికి ఈ నియమాన్ని వివరించనక్కర్లేదు.

1905లో ఏర్పడిన గ్వాంగ్‌జాంగ్ బజారులో రాత్రిపూట పెనాలమీద కాలే ‘బిందేతోక్’ తెలుగువారిని తప్పక ఆపుతుంది. నానబెట్టి రుబ్బిన పెసరపిండితో పోసే అట్టు అది. పంది మాంసం, కిమ్చి కలపడం వల్ల రుచి వేరవుతుంది. పెసరట్టుకు దీనితో వంశసంబంధం ఉందని చెప్పడానికి ఆధారం లేదు. ఒకే గింజను రెండు సమాజాలు ఒకే తీరున వాడుకున్నాయని మాత్రం చెప్పవచ్చు. మిరపకాయ సంగతీ ఇంతే: అమెరికా ఖండం నుంచి సముద్రవర్తకం ద్వారా మనకు, వారికి వచ్చిన పంట కొన్ని శతాబ్దాల్లో రెండుచోట్లా ‘అనాదిరుచి’ అయిపోయింది.

8. ఇటేవాన్ - 2022:

1997లో ప్రత్యేకపర్యాటకప్రాంతంగా గుర్తింపు పొందిన ఇటేవాన్ క్రమంగా సైనికుల వీధి అన్న పేరును వదిలించుకుంది. హోంగిక్ విశ్వవిద్యాలయం పరిసరాల్లోని హోంగ్‌డే సంగీతశాలలు యువతకు మరో కేంద్రమయ్యాయి. 2018లో అమెరికన్ సైనికప్రధానకార్యాలయం ప్యోంగ్‌తేక్‌కు తరలిపోయింది. ఇటేవాన్ కొరియా యువత, విదేశీయులు సమానంగా కలిసే చోటయింది. ఒకప్పుడు కొరియన్లు వడ్డించేవారిగా మాత్రమే ఉన్న వీధిలో వారు అతిథులయ్యారు.

2022 అక్టోబరు 29 రాత్రి, హాలోవీన్ వేడుకలకు వచ్చిన జనం ఇరుకైనచోట 3.2 మీటర్ల వెడల్పు మాత్రమే ఉన్న ఒక సందులో చిక్కుకుని నలిగిపోయారు. 159 మంది మరణించారు. వారిలో 26 మంది విదేశీయులు. ఎక్కువమంది 20లలో ఉన్నవారు. ఆ సాయంత్రం నుంచే ప్రమాదాన్ని హెచ్చరిస్తూ పోలీసులకు ఫోన్లు వెళ్ళాయి. అయినా ‘పరదేశపు పండుగకు వెళ్ళడమెందుకు’ అన్న నింద మృతులమీద పడింది. జనసందోహాన్ని కాపాడవలసిన వ్యవస్థ బాధ్యతను వినోదానికి వెళ్ళినవారి నైతికతమీదికి మళ్ళించే ధోరణి అది. విదేశీయుల వీధి అన్న పాతముద్ర ఆ నిందకు ఊతమిచ్చింది. రాత్రిజీవనం చరిత్రకు తగని అల్పవిషయమని భావించే విద్వల్లోకం కూడా తెలియకుండానే ఈ ధోరణికి తోడ్పడుతుంది. ఆ రాత్రి చనిపోయినవారు చరిత్రలో భాగమైతే, వారు వెళ్ళిన వీధి కూడా చరిత్రలో భాగమే.

9. ముగింపు:

• కొరియాలో విదేశీయుల భోజనపంక్తి స్థానాన్ని వ్యక్తుల అభిరుచికన్నా ఒడంబడిక, స్థావరం, ఆంక్ష, కార్మికవిధానం వంటి అధికారరూపాలు ఎక్కువగా నిర్ణయించాయి.

• పైవర్గాల విందులకన్నా కూలీల, నిరుపేదల తిండి వంటసంస్కృతిలో బలంగా నిలిచింది. జాజాంగ్‌మ్యోన్, బుదే జిగే ఇందుకు ఉదాహరణలు.

• విదేశీయుల జ్ఞాపకాలు, యాత్రావర్ణనలు ఒకవైపు ఆధారాలు మాత్రమే. వడ్డించినవారి, వాడుకోబడినవారి సాక్ష్యంతో కలిపి చదివినప్పుడే అవి చరిత్ర అవుతాయి.

• ఈ పరిశీలనకు మన నేలమీదా అవకాశముంది. 2017లో కుదిరిన ఒప్పందం ప్రకారం అనంతపురం ప్రాంతంలోని పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారం ఏర్పడి 2019లో ప్రారంభమైంది. దానితో అక్కడికి కొరియా ఉద్యోగులు వచ్చారు. కొరియా లిపిలో బోర్డులు, కొరియా వంటల భోజనశాలలు వచ్చాయి. విజయనగరరాజులకు వేసవి విడిదిగా, తరువాత రాజధానిగా ఉన్న ఊరు మళ్ళీ పరదేశీయులకు పంక్తి వేస్తున్నది. ఆ పంక్తిలో మనవారు అతిథులా, ఆతిథేయులా, వడ్డించేవారు మాత్రమేనా అన్న ప్రశ్నను జ్ఞాపకాలు చెదిరిపోకముందే తెలుగు పరిశోధకులు నమోదు చేయవలసి ఉంది.